కుక్కకు కర్ర పాఠాలు

కుక్కను పెంచే చాలా ఇళ్లల్లో కర్రో, చుట్టిన పేపరో, పాత బెల్టో చేతికందేచోట ఉంటుంది. భయం లేకపోతే నెత్తికెక్కుతుందన్నది దాని వెనకున్న సిద్ధాంతం. ఈ మాట అనేవాళ్లే ఇంకో పూట కుక్క తోక వంకర అని తేల్చేస్తారు. వంకర పోనే పోదని నమ్మినప్పుడు కొట్టడం దేనికో మరి!

దెబ్బల పక్షం వారికి ఇంట్లోనే దొరికే గట్టి సాక్ష్యం కుక్క ముఖం. సాయంత్రం తలుపు తీసేసరికి సోఫా చిరిగి ఉంటుంది. కుక్క చెవులు వాల్చి, తోక ముడిచి, చూపు తప్పించి మూలకు చేరుతుంది. "చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు" అంటూ నాలుగు తగిలిస్తారు. ఈ సాక్ష్యాన్నే అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు పరీక్షకు పెట్టి, ఫలితాలను 2009లో ప్రచురించారు. ఎదుట ఉన్న తిండిని తినొద్దని కుక్కకు చెప్పించి యజమానిని గదిలోంచి పంపేశారు. తిరిగొచ్చాక కుక్క తిన్నదీ లేనిదీ కొందరికి నిజం చెప్పారు, కొందరికి అబద్ధం. ముఖం మారడానికీ తినడానికీ సంబంధం లేదు, తిట్లకే సంబంధం. పైగా ఏ పాపం ఎరగని కుక్కలే తిట్లు పడ్డప్పుడు మరింత దొంగచూపులు చూశాయి. మనం పశ్చాత్తాపం అనుకుంటున్నది ఉత్త బెదురు. సోఫా చింపింది మధ్యాహ్నం, దెబ్బ పడింది యజమాని గుమ్మంలోకి అడుగుపెట్టాక. ఆ రెంటినీ కలిపి చూసుకోవడం కుక్క తరం కాదు. ఈయన ఇంటికొస్తే ప్రమాదం అన్నదొక్కటే దానికి బోధపడుతుంది. పిలిస్తే దగ్గరికి రావట్లేదన్న ఫిర్యాదూ మళ్లీ ఆయనదే.

కాస్త చదువుకున్నవాళ్లయితే తోడేళ్ల కథ చెబుతారు. మందను ఏలే ఓ 'ఆల్ఫా' ఉంటుందట, ఇంట్లో ఆ పదవి మనదేనని కుక్కకు తెలియజెప్పాలట. ఈ కథకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బందీగా ఉన్న తోడేళ్లను గమనించి రాసిన వ్యాసం. 1970లో తన పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చిన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ల మంద మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో తానే రాశాడు. ఆ పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తలనూ అడిగాడు. రాసినాయనే వదిలేసుకున్న మాటను మన ట్రైనర్లు మాత్రం వదల్లేదు.

ఇక గుర్రుమనే కుక్క సంగతి. గుర్రుమన్నందుకు కొడితే ఆ చప్పుడు ఆగుతుంది. దాని వెనకున్న భయం ఆగదు. తర్వాతెప్పుడో హెచ్చరిక లేకుండానే కరుస్తుంది, "ఏమీ చేయని కుక్క, ఉన్నట్టుండి కరిచింది" అంటారు. ప్రవర్తన సమస్యలున్న కుక్కల యజమానులను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు అడిగితే, కొట్టడమో తన్నడమో చేసినవాళ్లలో 43 శాతం మంది కుక్క తిరగబడిందన్నారు. అవి ముందే పెంకి కుక్కలు కదా అనొచ్చు. కర్ర తీయమని సలహా ఇచ్చేదీ అలాంటి కుక్కల మీదికే కదా!

"చికెన్ ముక్క చూపిస్తేనే వింటుంది, అది లంచం" అన్న ఆక్షేపణలో కొంత నిజముంది. ముక్క ముందే ఊపుతూ బతిమాలితే అది లంచమే. బహుమానం పని జరిగాక ఇచ్చేది. 'సిట్' అన్నప్పుడు కూర్చున్న ఆ క్షణంలోనే నోటికందాలి. జేబులో వెతుక్కుని ఇచ్చేలోపు అది లేచి నిలబడితే, లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. అలవాటు కుదిరాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు, తిండే ఇవ్వాలనీ లేదు. బాంబుల వాసన పట్టే జాగిలాల్లో చాలావాటికి కూలి ఒక బంతి, దాంతో కాసేపు ఆట. వాసన జాడ మనిషికి తెలియదు, కుక్క ఇష్టపడి వెతకాలి. కర్ర చూపించి ముక్కును పనిచేయించడం ఎవరికి సాధ్యం?

బహుమానం అంటే గారాబం అనుకోవడమూ పొరపాటే. వచ్చినవాళ్ల మీదికి ఎగిరే కుక్కకు అటు తిరిగి నిలబడటమే జవాబు. నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే పలకరింపు. ఇది పనిచేయాలంటే ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి. ఎగిరినప్పుడు పిల్లలు ముద్దుచేసి, నాన్న తంతే, మొండితనం కుక్కదని ఎలా అంటాం?