ఫోనులో డబ్బు – కౌంటరు దగ్గర తిప్పలు

ఫోనుతో బిల్లు కట్టడం సులువే. కానీ రోగికి తోడుగా వచ్చిన ముసలమ్మకు ఆ ఫోను ఉండదు. ఉన్నవారికి సిగ్నల్ అందదు, ఛార్జింగ్ అయిపోతుంది. ఒక్కోసారి ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, కౌంటరుకు మాత్రం చేరదు. మళ్లీ కట్టమంటే ఆ కుటుంబం ఎక్కడ నుండి తెస్తుంది?

రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం, యూపీఐలో అలా చిక్కుకున్న సొమ్ము 5 రోజుల్లోగా తిరిగి ఖాతాలో పడాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. మంచిదే. కానీ ఇంజక్షను 5 రోజులు ఆగదు కదా!

అందుకే, ఏ ఆసుపత్రి కౌంటరులోనైనా నోట్లు తీసుకోవాలి. సొమ్ము మధ్యలో ఆగిపోతే ముందు మందు ఇవ్వాలి, లెక్క తర్వాత చూసుకోవాలి. మీరు కూడా ఆసుపత్రికి వచ్చేటప్పుడు కొంత నగదు దగ్గర ఉంచుకోండి. డబ్బు కట్ అయినట్లు వచ్చిన మెసేజి చెరపకండి. పిన్ నంబరు మాత్రం ఎవరికీ, మా సిబ్బందికైనా సరే, చెప్పకండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్