పాంబన్‌కు ఆవలి బ్రతుకులు

రామేశ్వరమనగానే మన యాత్రికులకు 22 తీర్థాల స్నానమే స్ఫురిస్తుంది. ఆ పట్టణాన్ని నిలబెట్టేవి మాత్రం చేపలవేట, యాత్రికులు, రైలు. ఏటా ఏప్రిల్ 15 నుండి 61 దినాలు మరపడవల వేటకు నిషేధం, రేవు బోసిపోతుంది. 2022 డిసెంబరులో 1914 నాటి పాంబన్ వంతెనపై రైళ్లు నిలిచిపోయాయి. 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన ప్రారంభమయ్యేదాకా ప్రయాణికులు ఇవతలే దిగి బస్సెక్కవలసి వచ్చింది. స్టేషనును నమ్ముకొన్న కూలీలు, చిల్లర వర్తకులు ఆ కాలమెలా గడిపారో లెక్కకట్టిన అధికారి ఎవరు?

కొత్త వంతెనను మనసారా స్వాగతిద్దాం. అయితే ధనుష్కోటికి తిరిగి రైలుమార్గం వేయుటకు 2019లో శంకుస్థాపన కూడా జరిగింది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్–ధనుష్కోటి పాసింజరు, సిబ్బందితో సహా, సముద్రం పాలైంది. ఆ ఊరి స్టేషను, తపాలా కార్యాలయం శిథిలాలైనాయి. సిగ్నలు కానరాక ఆగిన డ్రైవరు చివరకు ఈలవేసి బండి కదిలించాడంటారు. ఆయనను తప్పుపట్టడం అన్యాయం. ఆగే అధికారం ఆయనకెవరిచ్చారు?

గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలునాపే ఏర్పాటు పాత వంతెనపై ఉండేది. అటువంటి యంత్రమూ, బండిని నిలిపే హక్కు డ్రైవరుకు, స్టేషను మాస్టరుకు రాతమూలకంగానూ లభించనిదే ఆ ఇసుకతిన్నెపై పట్టాలు పరచరాదు. రాబడి లెక్కలు తరువాత చూడవచ్చు. మన శాఖలన్నీ ఈ మేరకు తీర్మానించి పంపాలి.