రెండు రాట్నములు

సంక్రాంతి సెలవులు వచ్చినతోడనే మన గృహస్థులు బిడ్డలను వెంటబెట్టుకొని నాంపల్లి నుమాయిష్‌కు బయలుదేరుట పరిపాటి. ఏ బండి యెక్కవలెను, ఎచ్చట బస చేయవలెను, రాత్రి భోజనము ఆబిడ్సులోనా, మైదానములోనా యని వారము దినములు యోచింతురు. ఏమి కొనవలెను, ఎవరియొద్ద కొనవలెనను యోచన మాత్రము చేయరు. మేము విన్నవింపగోరునది యిదియే.

1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో ఈ ప్రదర్శనమును నెలకొల్పినది రంగులరాట్నము త్రిప్పుటకు గాదు, స్వదేశపు సరకును ప్రజలకు జూపుటకు. 1946లో అది నేటి మైదానమునకు మారెను. 1947, 1948 సంవత్సరములలో నిలిచిపోయి, 1949లో రాజాజీచే పునఃప్రారంభింపబడెను. 2019 జనవరి 30వ తేదీన పెక్కు దుకాణములు భస్మమైనను వర్తకులు మరల వచ్చుచునే యున్నారు. మన ప్రవేశ రుసుమును వ్యర్థము గాదు. ఎగ్జిబిషన్ సొసైటీవారు సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము మున్నగు విద్యాలయములను నడపుచున్నారు.

మేము వినోదమునకు విరోధులము గాము. బిడ్డలు రంగులరాట్నమెక్కి కేరింతలు కొట్టవలసినదే. కాని దానికి అడిగిన రుసుమును మారుమాట లేక చెల్లించు చేతులే, పోచంపల్లి చీర నమ్మువానియెదుట పది రూపాయలకై గడియసేపు బేరమాడుచున్నవి! ఇది న్యాయమా? ఆబిడ్సు అంగళ్లలో ఏడాది పొడుగున దొరకు యంత్రపు సరకునే కొనితెచ్చుటకు ఇంతదూరము పోనేల?

కావున ఇల్లు కదలకమునుపే సంచిలోని సొమ్మును రెండు పాళ్లు చేయుడు. ఒక పాలు రంగులరాట్నమునకు, ఒక పాలు నూలురాట్నమును నమ్ముకొన్నవానికి. నిర్మల్ బొమ్మ నొకదానిని బిడ్డచేతనే కొనిపింపుడు, చేసినవా రెవరో తెలుపుడు. యాత్ర సార్థకమగును.