బండి బాగోగులు: కరువు సీమలో చాసిస్‌ను తినే తుప్పు

మన చిక్కబళ్లాపూర్, బాగేపల్లి, చింతామణి వైపు ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. సముద్రం గాలి ఇక్కడిదాకా రాదు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని ఊర్లు ఉన్నాయి. ఇట్లాంటి చోట పికప్ చాసిస్ తుప్పు పట్టి చీలిందంటే కొందరు నమ్మరు. "ఎప్పుడూ ఎండలో నిలబడే బండికి తుప్పేందన్నా?" అంటారు. నమ్మాల్సిందే. మన సీమలో బండిని తుప్పు పట్టించేది వాన ఒక్కటే కాదు, బండిలో మనం వేసే లోడు కూడా.

మన కాలనీల్లో చాలా ఇండ్లలో ఒకరు పట్టు రీలింగులోనో, నూనె మిల్లులోనో, బియ్యం మిల్లులోనో పని చేస్తే, ఇంకొకరు పాత పికప్ తోలుతుంటారు. ఆ బండి సంఘం లోనుతోనో, చీటీ ఎత్తిన దుడ్డుతోనో కొన్నది. కంతు తీరేదాకా అది నడవాలి. ఇంజిను చెడితే బాగు చేయించుకోవచ్చు, టైరు పోతే మార్చుకోవచ్చు. చాసిస్ పోతే మాత్రం బండి పాత ఇనుము కిందే లెక్క. ఇంటికి దూలం ఎట్లాంటిదో పికప్‌కు చాసిస్ అట్లాంటిది. క్యాబిన్, ఇంజిను, తొట్టి, వెనక కట్టలు అన్నీ దాని మీదే కూర్చుని ఉంటాయి.

ఏ లోడు ఏం చేస్తాది?

టమాటా సీజన్‌లో చింతామణి, కోలార్, మదనపల్లె మార్కెట్లకు రాత్రింబగళ్లు ట్రిప్పులు. అడుగు క్రేట్లలో నలిగిన కాయల రసం తొట్టి సందుల్లోంచి చాసిస్ మీదికి కారుతుంది. అది పులుపు, అంటే ఆమ్లం. పులుపు ఇనుమును తినేస్తుందని చింతపండు పులుసు ఇనుప మూకుట్లో కాచిన ఏ అక్కకైనా తెలుసు.

ఎరువుల మూటల్లో పొటాష్ సంగతి చూడండి. మామూలుగా దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఉప్పు జాతిదే. చిరిగిన మూటలోంచి రాలిన గుప్పెడు పొడి చాసిస్ మూలల్లో కూర్చుంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండాకాలంలో కూడా ఆ చోటును చెమ్మగా ఉంచుతుంది. కాలీఫ్లవర్ తోటలకు తోలే కోళ్ల ఎరువులో అమ్మోనియా, లవణాలు రెండూ ఉంటాయి. చేపల బాక్సులలోంచి కరిగి కారే ఐసు నీళ్లలో ఉప్పు ఉంటే అదీ అంతే.

అన్నింటికన్నా మోసకారి మైలుతుత్తం. ద్రాక్ష తోటలకు బోర్డో మిశ్రమం కలపడానికి డ్రమ్ముల్లో మైలుతుత్తం నీళ్లు తీసుకుపోతారు. ఇంట్లో ఒక పరీక్ష చేయండి. పాత ప్లాస్టిక్ డబ్బాలో కొంచెం మైలుతుత్తం కలిపి ఒక మేకు వేయండి. కాసేపటికే మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంటుంది. ఆ రాగి వచ్చినంత మేర మేకులోని ఇనుము నీళ్లలో కరిగిపోయిందన్నమాట. డ్రమ్ము ఒలికిన చోట మీ చాసిస్‌కు జరిగేదీ అదే. (ఆ డబ్బా పిల్లలకు అందనివ్వొద్దు. అది విషం.)

ఆఖరిగా మన బోరు నీళ్లు. మన నీళ్లలో లవణాలు ఎక్కువ. బండి కడిగి అట్లే ఆరనిస్తే నీళ్లు పోతాయి, లవణం మిగులుతుంది. కుండ అడుగున తెల్లగా పేరుకునేది అదే. వాన నీళ్లు పట్టి పెట్టుకునే వీలున్నవాళ్లు ఆఖరి కడుగు దాంతో కడిగితే మేలు.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది?

మిల్లులో పని చేసేవాళ్లకు ఇది చెప్పే పని లేదు. రీలింగ్ బేసిన్ స్టాండులో ఏ కాలు ముందు పోతుంది? నీళ్లు నిలిచే మూల కాలు. చాసిస్ కూడా అంతే. పైకి కనిపించే నున్నని పక్కలు బాగానే ఉంటాయి. పోయేది ఈ చోట్ల:

తొట్టికీ చాసిస్‌కూ మధ్య వేసిన కట్టె లేదా రబ్బరు ప్యాకింగ్ కింద. అది తడిసిందంటే రోజుల తరబడి ఆరదు. వెనక కట్టలు బిగించే హ్యాంగర్ల దగ్గర. క్రాస్ మెంబర్ల పై వైపున, ఎందుకంటే అక్కడ ఎర్రమట్టి మెత్తగా పేరుకుంటుంది. రెండు రేకులు కలిసి రివెట్ కొట్టిన సందులో. డీజిల్ ట్యాంకు పట్టీ కింద. బ్యాటరీ పెట్టె కింద, అక్కడ యాసిడ్ కారుతుంది. పెట్టె మాదిరి మూసి ఉన్న చాసిస్ అయితే లోపలి వైపున.

తుప్పుకు ఒక గుణం ఉంది. ఇనుము కన్నా అది కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల మధ్య తుప్పు పట్టితే రేకులు ఉబ్బి విచ్చుకుంటాయి. రివెట్ల మధ్య రేకు ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడ లోపల పని చాలా దూరం పోయిందని అర్థం.

చిన్న సుత్తితో అడుగడుక్కూ తట్టి చూడండి. మంచి ఇనుము 'ఠంగ్' అంటుంది. పోయిన ఇనుము 'డప్' అంటుంది, పొరలు రాలుతాయి. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిందంటే ఆ చోట రంగు పని చేయదు. చాసిస్ పక్కనే పోయే బ్రేకు పైపులను కూడా తుడిచి చూడండి. వాటి మీద గుంటలు పడిన తుప్పు కనిపిస్తే ఆలోచించొద్దు, మార్పించండి.

పని ఎప్పుడు, ఎట్లా?

ఉగాది దాటినాక, పెద్ద వానలు పడక ముందు చేసుకోవాలి. ఎండ మనకు ఊరికే దొరికే సాధనం.

మొదట వాటర్ సర్వీసులో కింది నుంచి గట్టి ప్రెషర్‌తో కడిగించండి. చాసిస్‌లో నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుని ఉంటే కమ్మీతో పొడిచి తెరవండి. ఆ రంధ్రాలు మూతపడితే మూసి ఉన్న చాసిస్ లోపల నీళ్లు నిలుస్తాయి. తర్వాత రెండు రోజులు ఎండలో పూర్తిగా ఆరనివ్వండి.

కింద దూరే ముందు ఒక మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోవద్దు. చదును నేల మీద నిలిపి, గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయండి. రాళ్లు, హాలో బ్రిక్స్ పేర్చి బండిని నిలపొద్దు, అవి ఉన్నట్టుండి పగిలిపోతాయి.

తర్వాత వైర్ బ్రష్, స్క్రేపర్‌తో ఊడివచ్చే తుప్పంతా గీకేయాలి. గ్రైండర్ వాడితే కళ్లద్దాలు, మూతికి గుడ్డ తప్పనిసరి. ఊడకుండా గట్టిగా పట్టుకున్న తుప్పు మీద ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయాలి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. అది ఎర్ర తుప్పును ఇనుప ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా బయట నిలబడి ఉండడానికి కూడా ఫాస్ఫేటే పెద్ద కారణమని ఐ.ఐ.టి. కాన్పూర్‌లో పని చేసిన ఆర్. బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి చెప్పారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దాని వల్ల మీద సన్నని రక్షణ పొర ఏర్పడింది. మన చాసిస్ ఇనుములో అంత భాస్వరం ఉండదు కాబట్టి మనమే పూసుకోవాలి.

డబ్బా మీద చెప్పినంత సేపు ఆరినాక రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు. జింక్ ఎక్కువ ఉన్న ప్రైమర్ కొనగలిగితే ఇంకా మేలు. కానీ దాన్ని తళతళలాడేలా గీకిన ఇనుము మీదే పూయాలి, తుప్పు మీదా కన్వర్టర్ మీదా అది పని చేయదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. రెడ్ ఆక్సైడ్ అడుగు పూత మాత్రమే. దాంట్లోంచి తేమ లోపలికి పోతుంది. దాని మీద ఎనామెల్ రంగు రెండు పూతలు పడితేనే పని పూర్తి అయినట్టు. మూసిన చాసిస్ లోపలికి సన్నని పైపుతో క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. సైలెన్సర్, బ్రేకు డ్రమ్ములు, రబ్బరు బుష్షులు, వైర్ల మీద ఏదీ పడకుండా చూసుకోండి.

చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ అసలు పెట్టొద్దు. గుడ్డతో, కిరసనాయిలుతో మెల్లగా తుడిచి పల్చగా గ్రీజు రాయండి. సరుకు బండికి 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఎఫ్‌సి చేయించాలి. ఎఫ్‌సికి పోయినప్పుడు ఆ నంబరు చదవడానికి రాకపోతే బండి మీదే అని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పాత ఇంజిన్ ఆయిలు, తారు

"అవన్నీ ఎందుకు, పాత ఇంజిన్ ఆయిలు కొట్టిస్తే చాలదా?" అని అడుగుతారు. నూనె పొర నీళ్లను కొంతకాలం ఆపే మాట నిజమే. కానీ వాడేసిన ఆయిలులో ఆమ్లాలు, మసి ఉంటాయి. రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది. మన మట్టి రోడ్ల దుమ్మును పట్టుకుని ముద్దగా మారుతుంది, ఆ ముద్ద చెమ్మను పట్టి ఉంచుతుంది. కారింది కారినట్టు మన వాకిట్లో, మన నీళ్లలో కలుస్తుంది. శెనక్కాయ నూనె మిల్లు మడ్డి కూడా వద్దు. అది జిగురు కడుతుంది, ఎలుకలను పిలుస్తుంది, అవి వైర్లు కొరుకుతాయి.

తారు లాంటి నల్ల కోటింగు శుభ్రమైన ఇనుము మీద మంచిదే. తుప్పు మీద కొట్టిస్తే మాత్రం తడిని లోపల పెట్టి తలుపు మూసినట్టు. పైన నల్లగా నిగనిగలాడుతుంది, లోపల తినడం ఆగదు. అందుకే పాత బండి కొనేటప్పుడు చాసిస్ మీద కొత్త నలుపు కనిపిస్తే సంతోషపడొద్దు. సుత్తి తీసి తట్టండి. అయస్కాంతం పెట్టి చూడండి, పట్టుకోకపోతే అక్కడ పుట్టీ నింపారన్నమాట. అమ్మేవాడు తట్టనివ్వకపోతే ఆ బేరం వద్దు.

ఈ తుప్పు బాధ బీదవాళ్ల పాత బండ్లకే అనుకోకండి. అమెరికాలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ టయోటా టకోమా, టండ్రా పికప్‌లు, సెకోయా బండ్ల చాసిస్‌లు తుప్పుతో పోతున్నాయని జనం కోర్టుకు పోయారు. 2016లో ఆ కంపెనీ, తప్పు ఒప్పుకోకుండానే, సుమారు 15 లక్షల బండ్లను పరీక్షించి, అవసరమైన వాటికి చాసిస్ మార్చి ఇచ్చేందుకు రాజీకి వచ్చింది. ఆ రాజీ విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని లెక్క కట్టారు. మన పాత పికప్‌కు అట్లా మార్చి ఇచ్చేవాళ్లు లేరు. మన సుత్తి, మన బ్రష్షే మనకు దిక్కు.

ఎప్పుడు ఆగిపోవాలి?

హ్యాంగర్ దగ్గర బొక్క పడినా, చాసిస్ మీద చీలిక కనిపించినా ఆ రోజు నుంచే లోడు ఆపాలి. రోడ్డు పక్కన రేకు ముక్క అతికించి వెల్డింగ్ పెట్టించొద్దు. ఆ వేడికి పక్కనున్న ఇనుము బలం తగ్గి, అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. చాసిస్ పని తెలిసిన వర్క్‌షాపులో, పోయిన భాగం కోసి సరైన మందం ఇనుముతో చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీయించండి.

ఇంకొక మాట, కష్టమైన మాటే. టమాటా కోతకు, పెండ్లికి, జాతరకు మనవాళ్లు పికప్ వెనక ఎక్కి పోతుంటారు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. పోయిన చాసిస్ మలుపులో విరిగితే క్రేట్లు పడితే మళ్లీ నింపుకోవచ్చు, మనుషులు పడితే తిరిగి రారు. కూలికి పోయే అక్కలు ఎక్కే ముందు "ఇది మాకు వద్దు, ఆటోనో బస్సో చూడు" అని తోలేవాడితో అనొచ్చు. తోలేవాడు మన ఇంటి పిల్లోడే అయినా అనాలి.

వారానికోసారి ఎరువు, టమాటా ట్రిప్పులు అయినాక కింద ఒక బకెట్టు నీళ్లు గట్టిగా కొట్టండి. మైలుతుత్తం ఒలికితే వారం ఆగొద్దు, ఆ పూటే కడగండి. ఏడాదికోసారి సుత్తి పరీక్ష, గీరుడు, రంగు. రెండు మూడు రోజుల పని, అదీ ఇంట్లోవాళ్లు చేతులు వేస్తే కూలి ఖర్చు కూడా ఉండదు. మిల్లులో షిఫ్టు దిగేటప్పుడు మెషీను తుడిచి నూనె పెట్టే అలవాటు మనకు ఎట్లాగూ ఉంది. అదే చెయ్యి వాకిట్లో బండికీ తగలనివ్వండి.

వచ్చే నెల వెనక కట్టల గురించి మాట్లాడుకుందాం: ఓవర్‌లోడు వేసినప్పుడు ముందు ఏ బ్లేడు విరుగుతుంది, ఎందుకు విరుగుతుంది.