ఎర్రటోపీకి పట్టుకునే హక్కుంది, శిక్షించే హక్కు లేదు

సెలవు మీద వచ్చిన జవాను రచ్చబండ మీద కూర్చుంటే సరిహద్దు కబుర్లకన్నా ఎర్రటోపీల కబుర్లే ఎక్కువ చెబుతాడు. ఎర్రటోపీ, తెల్లబెల్టు, చేతికి పట్టీ మిలటరీ పోలీసుల గుర్తులు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. అలాంటి ఊళ్ళకు ఈ మాట కొత్త కాదు. కాని ఆ పోలీసుకు అధికారం ఎంతవరకు అన్నది చాలా ఇళ్ళలో తెలియదు. తెలియనందువల్ల నష్టపోయేది జవానే.

గేటు దగ్గర మొదలు

సికిందరాబాదు వంటి కంటోన్మెంటులో వీరు జవానుకు నిత్యం తారసపడుతుంటారు. గేటు వద్ద గుర్తింపు కార్డు అడుగుతారు. మోటారు సైకిలు మీద హెల్మెటు లేకుంటే ఆపుతారు. దుస్తులు సరిగా లేకపోయినా, తాగి తూలినా, పోరాని చోటికి పోయినా పేరు, నంబరు, యూనిట్ రాసుకుంటారు. రైల్వే స్టేషనులో సెలవు కాగితం చూపమంటారు. 2021 మేలో బెంగుళూరులో శిక్షణ ముగించిన 83 మందితో మహిళలు కూడా జవాన్లుగా ఈ విభాగంలో అడుగుపెట్టారు.

చట్టం గీసిన గీత

1950 నాటి సైనిక చట్టం 107వ సెక్షన్ ప్రకారం మిలటరీ పోలీసు అధికారి తప్పు చేసిన జవానును అరెస్టు చేయవచ్చు, విచారణ కోసం నిర్బంధించవచ్చు. కాని సొంత అధికారంతో ఏ శిక్షా వేయరాదు. నిర్బంధం సంగతి తనకు తెలిసిన 48 గంటలలోగా కమాండింగ్ అధికారి విచారణ చేపట్టాలి. వీలు కాని పరిస్థితి ఉంటే తప్ప ఈ గడువు దాటరాదు. శిక్ష ఆయన చేతిలోనిది. 80వ సెక్షన్ కింద ఆయన 28 రోజుల వరకు నిర్బంధం వేయవచ్చు. తనకు అన్యాయం జరిగిందనుకున్న జవాను పై అధికారికి మొర పెట్టుకునేందుకు 26వ సెక్షన్ ఉంది.

ఎర్రసిరా భయం

అసలు భయం టోపీ రంగు కాదు, సిరా రంగు. కొన్ని శిక్షలు జవాను రికార్డులో ఎర్రసిరాతో ఎక్కుతాయి. అలాంటివి నాలుగు పడితే ఉద్యోగమే ఊడవచ్చు. అయితే నాలుగు పడినంత మాత్రాన తప్పనిసరిగా తొలగించాలని లేదని 2015లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. తప్పు ఎలాంటిది, ఎన్నేళ్ళ సర్వీసు ఉంది, ఎంత కష్టమైన చోట్ల పనిచేశాడు అన్నవి చూడాలంది. 15 ఏళ్ళు నిండితేగాని పింఛను రాని జవానుకు ఇది చిన్న సంగతి కాదు.

మన ఇంటి తప్పు

గేటు దగ్గర జరిగేవాటికి జవానే బాధ్యుడు. సెలవు దాటడంలో మాత్రం ఇంటివారికీ పాలుంటుంది. చెల్లెలి పెళ్ళి, కుప్పనూర్పులు, అమ్మమ్మ జబ్బు. "ఇంకో రెండు రోజులుండి పోరా" అంటాం. సరైన కారణం లేకుండా సెలవు దాటితే 39వ సెక్షన్ కింద కోర్టు మార్షల్ మూడేళ్ళ వరకు జైలు వేయవచ్చు. 30 రోజులు దాటితే విచారణ సంఘం కూర్చుంటుంది. పారిపోయినవాడన్న కబురు అందితే మన ఠాణా పోలీసులే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. 2022 నుంచి చేరుతున్న అగ్నివీరులకు ఏడాదికి 30 రోజులే సెలవు గనుక ఈ ఇబ్బంది పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

చట్టంలో "సరైన కారణం" అన్న మాట ఉన్నది నిజమైన ఆపదలో ఉన్నవారి కోసమే. దాన్ని వాడుకోవాలంటే గడువు తీరకముందే యూనిట్‌కు తెలపాలి. డాక్టరు సర్టిఫికెట్టుతో పొడిగింపు అడగాలి. ఒకప్పుడు తంతి ఇచ్చేవారు. 2013 జులైలో తంతి మూతపడింది. ఇప్పుడు ఫోను ఉంది, రాతపూర్వకంగా అడిగిన కాగితమూ ఉండాలి.

కొత్తగా ఎంపికైన పిల్లల తల్లిదండ్రులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఈ నాలుగు ముక్కలు ఒక పూట కూర్చోబెట్టి చెబితే ఎన్నో ఇళ్ళకు మేలు జరుగుతుంది. అంతవరకు, తిరుగు ప్రయాణం రోజున కొడుకును ఆపకుండా రైలెక్కించడమే మనం చేయగలిగిన సాయం.