బెండు మునిగేదాకా ఆగకండి

క్రితం నెల క్యాంపింగ్ సామాను గురించి రాస్తూ చివర్లో ఒక్క వాక్యం ఫ్లై ఫిషింగ్ మీద రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. డల్లాస్ నుంచి ఒకాయన, "వేసవిలో కొలరాడో వస్తున్నాం, పిల్లలకి నేర్పించాలని ఉంది, ఏమేం కొనాలి?" అని అడిగారు. ఇంకొకావిడ, "మావారు ఆరు వందల డాలర్లు పోసి కొన్నారు. రెండేళ్ళయింది, ఇంతవరకూ చేప మొహం చూడలేదు" అని రాశారు. చదివి నవ్వుకున్నాను గానీ, మూడేళ్ళ కిందట మా ఇంటి కథా అదే.

మేముండేది డెన్వర్‌లో. గంటన్నర కారులో వెళితే డెక్కర్స్ అనే చిన్న ఊరు, దాన్ని ఆనుకుని సౌత్ ప్లాట్ నది. పైన చీస్‌మన్ డ్యామ్ ఉంది. అక్కణ్ణించి వదిలే నీళ్ళు జూలైలో కూడా చల్లగా ఉంటాయి. అందుకే బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ పుష్కలం. అప్పటికి మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఫోను పక్కన పెట్టి నాతో వస్తానన్నది ఆ ఏడాది దీనికొక్కదానికే. మూడు సార్లు వెళ్ళాం, మూడు సార్లూ ఉత్తి చేతులతో వచ్చాం. మూడోసారి తిరిగొచ్చేటప్పుడు కార్లో, "నాన్నా, ఇంకొక్కసారి వస్తాను. అంతే" అంది. కోపంగా అన్నా బాగుండేది, మామూలుగా అంది.

ఏం కొనాలి

ముందు ఒక్క సంగతి అర్థమైతే కొనడం తేలిక. మామూలు గాలంలో ఎర బరువుకి దారం సాగి దూరంగా పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఫ్లైకి బరువే ఉండదు. అది గాలం ముల్లు మీద ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దాన్ని మోసుకెళ్ళేది లైను బరువే. కాబట్టి రాడ్డు మీద ఉండే నంబరు అది ఏ బరువు లైనుకి సరిపోతుందో చెబుతుంది. ట్రౌట్‌కి, కొత్తవాళ్ళకి, 9 అడుగుల 5 వెయిట్ రాడ్డు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. లైను "వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్", అదీ 5 నంబరుదే. నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్డయితే సూట్‌కేసులో కూడా పడుతుంది.

రాడ్డు, రీలు, లైను కలిపి అమ్మే సెట్లు 150 నుంచి 250 డాలర్ల మధ్య దొరుకుతాయి. మొదటి రెండేళ్ళకి అవి చాలు. రీలు మీద డబ్బు తగలెయ్యకండి. మనం పట్టే సైజు ట్రౌట్‌కి అది లైను చుట్టి పెట్టుకునే డబ్బా, అంతే. మిగిలిన డబ్బుతో పోలరైజ్డ్ కళ్ళద్దాలు కొనండి. నీటి మీద మెరుపు పోయి అడుగున రాళ్ళు కనిపిస్తాయి, ముల్లు విసిరేటప్పుడు కళ్ళకి రక్షణ కూడా.

లైను చివర కట్టే సన్నటి దారం లీడరు. 9 అడుగుల 5ఎక్స్ తీసుకోండి. దానికి అతికించుకోవడానికి 5ఎక్స్, 6ఎక్స్ టిపెట్ చుట్టలు ఒక్కొక్కటి. ఇక్కడ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 11లోంచి ఆ నంబరు తీసేస్తే, అంగుళంలో వెయ్యోవంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే వెయ్యింట ఆరు వంతులన్నమాట.

ఫ్లైలు డజన్ల రకాలు కొనక్కర్లేదు. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే. ఇంకా రెక్కలు రాని పురుగులు రాళ్ళ మధ్యనుంచి కొట్టుకొస్తుంటే నోరు తెరిచి అందుకుంటుంది. ఆ దశలో పురుగుని నింఫ్ అంటారు. ఫెజెంట్ టెయిల్, జీబ్రా మిడ్జ్, ప్రిన్స్ నింఫ్ తలా నాలుగు ఉంటే చాలు. ప్రిన్స్ నింఫ్ ఒంటికి చుట్టేది నెమలి పింఛం పోగులే. అవి చూసి మా అమ్మాయి మొదటిసారి ఫ్లై డబ్బా తన చేతిలోకి తీసుకుంది.

బెండు సంగతి

అడుగున కొట్టుకుపోయే నింఫ్ మనకి కనపడదు. చేప దాన్ని నోట్లో పెట్టుకుని, తిండి కాదని తెలిసి వెంటనే ఉమ్మేస్తుంది. అది కనిపెట్టడానికి లీడరు మీద పెట్టేది స్ట్రైక్ ఇండికేటర్. పేరు విని కొత్త వస్తువనుకోకండి. పంటకాలువ గట్టున కూర్చున్నవాళ్ళందరికీ తెలిసిన బెండే. మా ఊళ్ళో జీలుగు బెండు ముక్క కట్టేవాళ్ళం. ఇక్కడ నాలుగు రకాలు: గాలి నిండిన ప్లాస్టిక్ బంతి, ఊలు కుచ్చు, అంటించే ఫోమ్ ముక్క, నీటి మీద తేలే పెద్ద ఫ్లై. నాలుగోది కాస్త అలవాటయ్యాక. లోతూ జోరూ ఉన్న నీటికి బంతి, నెమ్మదైన లోతు తక్కువ నీటికి ఊలు కుచ్చు. కుచ్చు చప్పుడు లేకుండా వాలుతుంది. బంతి అయితే నింఫ్‌నీ బరువునీ మోయగలిగినంత చిన్నది చాలు, మామూలుగా అరంగుళం. నేను బాగా కనపడుతుందని అంగుళం బంతి కట్టాను. అది పడ్డ చోట చేప ఉంటే అది పారిపోయిన మాటే.

నా అసలు తప్పు మాత్రం పంటకాలువ నుంచి తెచ్చుకున్నది. కాలువలో నీరు నిదానం. పరిగె కొరికితే బెండు టుపుక్కున మునిగేది, అప్పుడు లాగేవాళ్ళం. సౌత్ ప్లాట్‌లో కూడా అలాగే బంతి మునిగేదాకా ఎదురు చూస్తూ కూర్చున్నాను. అది మునగలేదు. మూడు ట్రిప్పులూ అలాగే గడిచిపోయాయి.

నాలుగోసారి వెళ్ళినప్పుడు, పక్కన చేపలు పడుతున్న ఒక పెద్దాయన కాసేపు మమ్మల్ని చూసి, మా అమ్మాయితో, "నీ బంతి నురగ కంటే ముందు పోతోంది, చూశావా?" అన్నారు. అంతే అన్నారు, మళ్ళీ తన పనిలో తాను పడ్డారు.

ఆ మాటలోనే ఉంది కిటుకంతా. నది అడుగున రాళ్ళ రాపిడికి నీరు నెమ్మదిగా పోతుంది, పైన జోరుగా పోతుంది. నింఫ్ అడుగు నీటితో సమానంగా పోతేనే చేపకి అది పురుగు. నింఫ్ అడుగున ఉంటే పైనున్న బెండుని కాస్త వెనక్కి పట్టి ఉంచుతుంది. కాబట్టి బెండు పక్కనున్న నురగ బుడగల కంటే కొంచెం వెనకబడి పోవాలి. సమానంగా పోతుంటే నింఫ్ అడుక్కి చేరలేదన్నమాట. ముందు పోతుంటే లైను దాన్ని ఈడ్చుకుపోతోందన్నమాట.

దీనికి చెయ్యాల్సినవి మూడు. మొదటిది లోతు. బెండు నుంచి నింఫ్ దాకా దూరం నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండడుగుల నీటికి మూడడుగులు. చోటు మారినప్పుడల్లా బెండు జరపాలి. నేను పొద్దున కట్టిన చోటే సాయంత్రం దాకా ఉంచేవాణ్ణి. రెండోది బరువు. నింఫ్‌కి ఆరేడు అంగుళాల పైన చిన్న స్ప్లిట్ షాట్ నొక్కాలి. సీసం కానిది కొనండి, ఎల్లోస్టోన్ పార్కులో సీసం వాడనివ్వరు. నాలుగైదుసార్లు విసిరితే ఒకసారైనా అడుగు తగలాలి. అసలు తగలకపోతే ఇంకో షాట్ వెయ్యండి, ప్రతిసారీ తగులుకుంటుంటే ఒకటి తీసెయ్యండి. మూడోది మెండింగ్. విసిరిన వెంటనే, మధ్య జోరు లైనుని లాక్కుపోకముందే, రాడ్డు కొనతో లైనుని ఎగువకి తిప్పి వెయ్యాలి. బెండు కదలకుండా లైను ఒక్కటే కదలాలి. ఇది ఇంటి ముందు గడ్డి మీద ప్రాక్టీసు చెయ్యడం కుదరదు, నీళ్ళలోనే వస్తుంది.

ఇక చూడాల్సింది మునగడం కోసం కాదు. బెండు ఆగినా, వణికినా, పక్కకి జరిగినా, ఒక్క క్షణం నెమ్మదించినా రాడ్డు ఎత్తాలి. దిగువ వైపుకి, మెల్లగా. గట్టిగా గుంజితే 5ఎక్స్ పుటుక్కున తెగుతుంది. ఆ రోజు మా అమ్మాయి వరసగా ఆరుసార్లు రాళ్ళనీ నాచునీ పట్టింది. ఏడోసారి బెండు కాస్త ఆగింది. "అది మునగలేదు కదా నాన్నా?" అంటూనే ఎత్తింది. రాడ్డు వంగింది, వంగి అలాగే ఉండిపోయింది. నేను నోరెత్తలేదు, ఎత్తితే తప్పే చెప్పి ఉండేవాణ్ణి. అడుగు పొడవు బ్రౌన్ ట్రౌట్, పక్కల మీద ఎర్ర చుక్కలు.

నీళ్ళలోకి దిగేముందు

ఏటేటా మన పిల్లలు నీళ్ళలో పోయారన్న కబురు వింటూనే ఉన్నాం. అందుకని ఈ భాగం వదిలెయ్యకండి. వెళ్ళేముందు నది ప్రవాహం నెట్‌లో చూడండి, యూఎస్‌జీఎస్ వాళ్ళ లెక్కలుంటాయి. సెకనుకి ఇన్ని ఘనపుటడుగులని ఇస్తారు, ధవళేశ్వరం వరద వార్తల్లో వినే క్యూసెక్కులే అవి. డెక్కర్స్ దగ్గర 300 దాటితే నేను మా అమ్మాయిని మోకాలి నీళ్ళు దాటనివ్వను. వేడర్స్ వేసుకుంటే నడుముకి బెల్టు బిగించాల్సిందే, పడితే లోపలికి నీళ్ళు నిండకుండా. ఈత వచ్చినా సరే, చేతికర్ర పట్టుకోండి. చివరికి గట్టు మీంచి కూడా చేప పడుతుంది.

కొలరాడోలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు ఉండాలి, పిల్లలకి అక్కర్లేదు. జూన్ మొదటి శని, ఆదివారాల్లో ఎవరికీ అక్కర్లేదు. నదిలో ఒక్కో భాగానికి ఒక్కో నియమం. చీస్‌మన్ కేన్యన్‌లో పట్టిన ప్రతి చేపనీ వదిలెయ్యాలి. ముల్లుకున్న కొక్కెం ప్లయర్‌తో నొక్కెయ్యండి. చేపని ముట్టుకునేముందు చేతులు తడుపుకోండి. నీటి వేడి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు గాలం వెయ్యకండి, వదిలినా అది బతకడం కష్టం.

ఆ సాయంత్రం ఇండియాలో ఉన్న మా అమ్మకి మనవరాలు ఫోన్లో ఈ కథంతా చెప్పింది. "వదిలెయ్యడానికైతే పట్టడం ఎందుకమ్మా?" అని ఆవిడ అడిగింది. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అది బెండు ఆపింది నానమ్మా, నేను చూశాను" అంది. ఆవిడకి ఎంతవరకు అర్థమైందో తెలీదు. కిందటి శనివారం మాత్రం పొద్దున అయిదింటికి నన్ను లేపింది మా అమ్మాయే.

వచ్చే నెల, ఇండికేటర్ లేకుండా నీటి మీద తేలే ఫ్లైతో చేపలు పట్టడం గురించి. ఆ రెండేళ్ళ ఉత్తరం రాసినావిడకి ఒక్క మాట: కొత్త రాడ్డు కొననివ్వకండి. బెండు ఎంత ఎత్తున కట్టారో అడగండి.