నడుము నొప్పి యను ఒక్క మాట చాలదు

మన సంఘ సభ్యులలో అరువది యేండ్లు దాటిన వారిని పలుకరించినచో మొదట వినవచ్చునది నడుము నొప్పి మాటయే. రాళ్లు మోసినవారు, కలుపు తీసినవారు, జీవితమంతయు బిందెలెత్తిన తల్లులు, అందరిదియు అదే పాట. వాయువని కొందరు, వయస్సని కొందరు సరిపెట్టుకొనుచున్నారు. డాక్టరు నెదుటను ఆ ఒక్క మాటయే చెప్పి, మాత్రలు పుచ్చుకొని మరలి వచ్చుచున్నారు. దీనివలన కలుగు నష్టమును గూర్చి ఈ వారము వ్రాయదలచితిమి.

వెన్నుపూసల గుండా గొట్టము వంటి మార్గ మొకటి కలదు. పైభాగమున వెన్నుపాము, నడుము దిగువన నరముల కుచ్చు అందులో సాగును. వయస్సుతో పాటు పూసల మధ్యనుండు మెత్తని బిళ్లలు అణగును; కీళ్లవద్ద ఎముక పెరుగును; స్నాయువు మందమగును. త్రోవ ఇరుకై నరములు నలుగును. వైద్యులు దీనిని స్పైనల్ స్టెనోసిస్ అందురు. నడుము భాగమున కలుగు ఇరుకును, దాని లక్షణములను 1954లో హాలెండు దేశపు శస్త్రవైద్యుడు హెంక్ వెర్బీస్ట్ విపులముగా వర్ణించెను.

ఈ వ్యాధిలో నొప్పి ఎంత అనుదానికంటె ఎప్పుడు అనునదే ముఖ్యము. కొంత దూరము నడచునంతలో పిరుదుల నుండి పిక్కల వరకు బరువు, తిమ్మిరి, లాగుట మొదలగును. అరుగు మీద కూర్చుండినను, ముందుకు వంగినను కొద్ది నిమిషములలో తగ్గును. సైకిలు మీద క్రోసుల దూరము పోగలవాడు సంతకు నడచి పోజాలడు. మన కొండ ఎక్కునప్పటి కంటె దిగునప్పుడే బాధ హెచ్చు. దిగునప్పుడు నడుము వెనుకకు వంగి త్రోవ మరింత ఇరుకగును. కాళ్ల రక్తనాళములు పూడుకొన్నవారికిని నడకలో పిక్కలు పట్టును; కాని వారికి ఊరక నిలుచున్నను చాలును, కూర్చుండ పనిలేదు; సైకిలు తొక్కినను పట్టును. రెండును వేరు వ్యాధులు, వేరు చికిత్సలు.

ఎం.ఆర్.ఐ. చిత్రమొక్కటే దీనిని తేల్చునని భ్రమపడరాదు. చిత్రములో ఇరుకు కనబడియు ఏ బాధయు నెరుగని వృద్ధులు అనేకులు కలరు. రోగి చెప్పుకొను కథతో చిత్రము సరిపోవలెను. ఆ కథను ఏ భాషలో చెప్పవలెను? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

బళ్లారి తాలూకా 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. సంతలో, బస్సులో, కచ్చేరిలో కన్నడము మనవారికి కొరత లేదు. కాని తొడ వెనుక జివ్వుమని లాగుటను, అరికాలు మొద్దుబారి చెప్పు జారిపోయినను తెలియకుండుటను చెప్పవలసివచ్చినప్పుడు మన అవ్వలకు తెలుగే నోటికి వచ్చును. తిమ్మిరిని జోము అందురనియు, మొద్దుబారుటను మరగట్టుట అందురనియు అప్పటికి తోపక, అన్నిటికిని "నోవు" అని ముగింతురు. డాక్టరు ఉత్తరదేశము వాడైనచో ఆ మాటయు నిష్ప్రయోజనమే. రాజ్యాంగపు 350వ అధికరణము మన ఫిర్యాదును మన భాషలో ప్రభుత్వమునకు సమర్పించుకొను హక్కు నిచ్చినది. నొప్పిని సమర్పించుకొనుటకు అట్టి అధికరణము లేదు!

అంతకంటె విషమమైన సంగతి యొకటి కలదు. మూత్రము బిగియుట, లేక తెలియకయే పోవుట, విరేచనముపై అదుపు తప్పుట, మర్మాంగముల చుట్టును స్పర్శ నశించుట, రెండు కాళ్లును హఠాత్తుగా చచ్చుబడుట: వీనిలో ఏది కలిగినను తెల్లవారు వరకు ఆగక ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి చేరవలెను. ఆలసించినచో పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చును. కాని కొడుకును దుబాసీగా వెంటబెట్టుకొని పోయిన తల్లి ఈ మాటలను నోట పలుకునా? పలుకదు. నడుము నొప్పి యనియే చెప్పి వచ్చును.

ఇరుకు మెడలోనున్నచో గుండీలు పెట్టుకొనుటకు వ్రేళ్లు మొండికేయును, నడక తూలును. నొప్పి యుండకపోవచ్చును గూడ. దీనిని ముసలితనమని ఉపేక్షింపరాదు.

నీటి సంగతి గూడ చెప్పవలెను. నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు, స్నాయువులు గట్టిపడి వెన్ను బిగిసిపోయిన వారిని గూర్చి షార్ట్ మున్నగు వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు రోగులలో ఈ కారణముననే వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవుటను హైదరాబాదు నరముల శస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డి గారు పరిశీలించి వ్రాసిరి. బళ్లారి జిల్లాలోను ఫ్లోరైడు హెచ్చుగానున్న బోరుబావులు కలవు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు భారత ప్రమాణము అనుమతించును. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. కనుక త్రాగు బోరునీటిని పరీక్ష చేయింపుడని పంచాయతీవారిని గట్టిగా అడుగవలెను.

చికిత్స అనగానే కత్తి యని భయపడ నక్కరలేదు. పలువురికి వ్యాయామ చికిత్సకుడు నేర్పు కసరత్తులు, కూర్చుండుచు లేచుచు సాగించు నడక, బరువు తగ్గుట వలన మేలు కలుగును. నెలల తరబడి మంచము పట్టుట మాత్రము కండలను కరగించును. నొప్పిమాత్రలను అంగడిలో అడిగి మ్రింగుచుండుట మూత్రపిండములకును, కడుపునకును చేటు. వెన్ను త్రొక్కించుకొనుట, విరిపించుకొనుట తగదని మా దృఢాభిప్రాయము. వీనితో కుదురక నడక నానాటికి క్షీణించినచో తగినవారికి శస్త్రచికిత్స కాళ్ల బాధను తగ్గించి నడకను మెరుగుపరచును. నడుములోని నొప్పి అంతయు పోవునని ఎవరును హామీ ఈయలేరు. ఆ సంగతిని ముందే అడిగి తెలిసికొనవలెను.

మన సంఘమువారు చేయదగిన పని చిన్నది. ఒక అరకాగితముపై ప్రశ్నలు ఒకవైపు తెలుగునను, రెండవవైపు కన్నడమునను ముద్రింపవలెను. ఎంత దూరము నడువగలరు? ఏమి చేసిన తగ్గును? తిమ్మిరి ఎచ్చట? పట్టు ఏ కాలున తగ్గినది? మూత్రము సంగతి ఏమి? రోగి ఇంటియొద్దనే గురుతులు పెట్టుకొని పోయి డాక్టరు చేతికీయవచ్చును. స్త్రీలకు తోడుగా ఆసుపత్రికి పోగల, రెండు భాషలును వచ్చిన ఇద్దరు మహిళలు ముందునకు రావలెను. అట్టివారు తమ పేర్లను సంఘ కార్యదర్శికి తెలుపగోరుచున్నాము. కాగితపు ముసాయిదాను రానున్న సంచికలో ప్రకటింతుము; చదువరులలో వైద్యులెవరేని యున్నచో తప్పులు దిద్దవలెను.